వెన్నుపాము దెబ్బతిన్నపుడు ఇంటివారు తెలిసికొనవలసినవి

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము చుట్టుప్రక్కల పల్లెలలో కల్లుగీత నేటికీ అనేక కుటుంబములకు జీవనాధారము. మోకు, ముస్తాదు ధరించి తాటిచెట్టు ఎక్కిన మనిషి కాలు జారినచో ముప్పై, నలుబది అడుగుల ఎత్తునుండి పడును. ప్రాణము దక్కినను చాలమందికి నడుము విరిగి, కాళ్ళు చచ్చుబడును. 2024 జూలై 14న ఇదే నియోజకవర్గమందలి అబ్దుల్లాపూర్‌మెట్ మండలము లష్కర్‌గూడలో 'కాటమయ్య రక్ష' పేరిట గీత కార్మికులకు రక్షణ సాధనముల పంపిణీ ప్రారంభమైనది. పట్టు తప్పినపుడు మనిషిని చెట్టునకే పట్టి నిలుపు తాళ్ళు, పట్టీలు అవి. ఇది మేలైన పని. ఏలయన, తెగిన వెన్నుపామును తిరిగి అతికించు ఔషధము ఆయుర్వేదమునందు గాని, అల్లోపతియందు గాని నేటివరకు లేదు.

గీతవృత్తి మన ఇండ్లకు దూరపు విషయమని పాఠకులు అనుకొనరాదు. పిట్టగోడ లేని మిద్దె, సాగర్ రోడ్డుపై హెల్మెట్ లేని స్కూటరు ప్రయాణము, లోతు తెలియని బావిలో తలక్రిందులుగా దూకుట, వృద్ధులకు స్నానాలగదిలో కాలు జారుట, ఇవన్నియు అదే ఫలితమును తెచ్చును.

పడిన మనిషిని చూడగానే మనము చేయు మొదటి పనియే పెద్ద తప్పు. ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్ళు పట్టి ఎత్తి, ఆటోలో ముడిచి కూర్చుండబెట్టుదుము. విరిగిన పూస అంచు అంతవరకు కొంత మిగిలియున్న వెన్నుపామును ఆ కుదుపులోనే నలిపివేయవచ్చును. 108కు ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చువరకు తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండ ఉంచవలెను. కదల్చక తప్పనిచో నలుగురు కలిసి దుంగను దొర్లించినట్లు ఒక్కసారిగా ప్రక్కకు త్రిప్పి, గట్టి తలుపు చెక్కపైకి చేర్చవలెను. నోటిలో నీరు పోయరాదు. సుశ్రుత సంహిత చికిత్సాస్థానములో భగ్నచికిత్స చెప్పుచోట 'కపాటశయనము' అను పద్ధతి కలదు. అనగా రోగిని తలుపు పలకపై పరుండబెట్టి, మేకులు నాటి కట్టి, కదలకుండ చేయుట. తొడ ఎముకకే గాక పృష్ఠవంశమునకు, అనగా వెన్నెముకకు కూడ ఈ విధానమునే ఆచార్యుడు విధించినాడు. చేయి విరిగినచో పుత్తూరు కట్టు తలచుకొనుట మన అలవాటు. వెన్నెముక విషయములో ఆ త్రోవ పట్టరాదు. హైదరాబాదు ఇక్కడికి సుమారు ముప్పై కిలోమీటర్లే. శస్త్రవైద్యులున్న పెద్ద ఆసుపత్రికే నేరుగా చేరవలెను.

వెన్నుపాము సుమారు 45 సెంటీమీటర్ల పొడవుండి, నడుము మొదటి, రెండవ పూసల దగ్గర ముగియును. దీనినుండి 31 జతల నాడులు బయలుదేరును. దెబ్బ ఎంత పైన తగిలిన అంత ఎక్కువ భాగము స్వాధీనము తప్పును. మెడలో తగిలినచో చేతులు కూడ పోవును. దెబ్బతగిలిన వెంటనే కొన్ని వారములపాటు క్రింది భాగము మెత్తగా, వ్రేలాడుచుండును. పిమ్మట కాళ్ళు బిగిసి, తమంతట తామే ఎగిరిపడసాగును. ఇంటివారు దీనిని చూచి నరము లేచినదని సంతోషింతురు. కాని అది మెదడు అదుపు తప్పిన వెన్నుపాము స్వయముగా చేయు చేష్ట. రోగి తన ఇచ్ఛతో బొటనవ్రేలు కదల్పగలిగిన, లేదా మలద్వారము చుట్టును స్పర్శ తెలిసిన, అది నిజమైన ఆశకు గుర్తు. తిరిగి వచ్చు శక్తిలో అధిక భాగము మొదటి ఆరు నెలలు మొదలు సంవత్సరములోపల వచ్చును.

చేతిలోని నరము తెగి, కుట్టినచో దినమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగును. వెన్నుపాములోని తంతువులు అట్లు పెరుగవు. గాయము మాని ఏర్పడిన మచ్చ వాటికి అడ్డుగోడగా నిలుచును. తంతువుల చుట్టునుండు తొడుగులోని కొన్ని పదార్థములును పెరుగుదలను ఆపును. మెదడు సంగతి కొంత వేరు. అందు చచ్చిన కణములు తిరిగి రాకపోయినను, మిగిలిన భాగము అభ్యాసముచే ఆ పనిని కొంతవరకు నేర్చుకొనును. అందుకే తలకు దెబ్బతగిలిన వానిచే, పక్షాఘాత రోగిచే, బలహీనమైన చేతితోనే గ్లాసు పట్టించి, బొత్తాములు పెట్టించి, వందలసార్లు అదే పని చేయించవలెను. జాలితో మనమే తినిపించినచో ఆ నేర్పు రాదు. తలగాయమైన వాని కోపము, మతిమరుపు, మొండితనము కూడ గాయపు లక్షణములే. వాటిని గుణదోషములుగా ఎంచి తగవులాడుట వ్యర్థము.

ఆయుర్వేదము ఈ స్థితిని ఎరుగనిది కాదు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మములలో 'కుకుందరము' అనునవి వెన్నెముకకు ఇరుప్రక్కల, నడుము దిగువన ఉండును. వాటికి దెబ్బతగిలినచో శరీరపు క్రింది భాగమున స్పర్శజ్ఞానము, చలనము నశించునని ఆయన వ్రాసినాడు. ఈ మర్మములను ఆయన వైకల్యకరములలో చేర్చినాడు. అనగా ప్రాణము తీయనివి, అవిటితనము మిగుల్చునవి. ఆ పేరు పెట్టుటలోని నిజాయితీని నేటి ప్రకటనలు చేయువారు గమనించిన బాగుండును.

ఇక మన ఇండ్లలో జరుగునది చెప్పవలెను. మహానారాయణ తైలమో, క్షీరబలా తైలమో వేడి చేసి కాళ్ళకు గట్టిగా మర్దన చేయుట, పిమ్మట ఇసుక మూటతో కాపడము పెట్టుట, వేడినీళ్ళ సంచి పాదముల చెంత ఉంచుట మనకు అలవాటు. స్పర్శ ఉన్నవానికి ఇవి సుఖమునిచ్చును. స్పర్శ లేనివానికి ఇవియే శత్రువులు. చర్మము కాలుచున్నను అతడు చెప్పలేడు. బొబ్బ లేచి, పుండై, నెలలు గడచినను మానదు. కావున స్పర్శ లేనిచోట కాపడము, ఆవిరి, కుంపటి, వేడి సంచి ఏదియు పనికిరావు. తైలము గోరువెచ్చగా మాత్రమే ఉండవలెను. దాని వేడిని మోచేతిపై వేసికొని చూచుకొని, అరచేతితో మృదువుగా పూయవలెను. ఒక కాలు మాత్రము వాచి, వెచ్చగా ఉన్నచో రక్తము గడ్డకట్టినదేమో అని అనుమానించి, దానిని ముట్టక వైద్యుని పిలువవలెను. మర్దన చేసిన ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణము తీయవచ్చును. ఏండ్ల తరబడి కదలని కాళ్ళలో ఎముకలు బోలుగా మారును గనుక బలముగా వంచుట వలన అవి విరుగుటయు కలదు.

తైలము నరమును మొలిపించదు. చర్మమును మృదువుగా ఉంచును. పూయువాని కన్నును రోగి దేహముపై నిలుపును. నా దృష్టిలో దాని అసలు లాభము ఈ రెండవదియే. వీపు దిగువ, పిరుదులు, మడమలు, చీలమండలు దినమునకు రెండుసార్లు చూడవలెను. ఎర్రబారిన చోటుపై వ్రేలితో నొక్కి తీసినను ఎరుపు పోనిచో అది పుండునకు తొలిమెట్టు. ఆ చోట రుద్దరాదు, బరువు మోపరాదు. మంచముపై ప్రతి రెండు గంటలకు ప్రక్క మార్చవలెను. కుర్చీలో ఉన్నవాడు ప్రతి పదిహేను, ముప్పై నిమిషములకొకసారి చేతులు ఆనించి పిరుదులు ఎత్తవలెను. పుండు మానుటకు మాంసకృత్తులు కావలెను గనుక పప్పు, పెరుగు, గ్రుడ్డు, వేరుసెనగ ఆహారమున తగ్గనీయరాదు.

మూత్రము విషయములో గృహవైద్యము తెలిసినవారే ఎక్కువగా పొరపడుదురు. మూత్రము బిగిసినదని పల్లేరు కషాయము, బార్లీ నీరు, కొండపిండి ఆకు రసము ఇత్తురు. ఇక్కడ మూత్రము తయారగుటలో లోపము లేదు, సంచి ఖాళీ అగుటలోనే లోపము. వెడలని సంచిలోనికి మరింత మూత్రము చేర్చినచో ఒత్తిడి వెనుకకు పోయి మూత్రపిండములు చెడును. వెన్నుపాము రోగులను పూర్వము ఎక్కువగా బలిగొన్నది ఇదియే. దీనికి సరియైన ఉపాయము, చేతులు శుభ్రముగా కడుగుకొని నాలుగు మొదలు ఆరు గంటలకొకసారి సన్నని గొట్టముతో రోగి స్వయముగా మూత్రము తీసికొనుట. అమెరికాలో లాపిడెస్ అను వైద్యుడు 1972లో దీనిని ప్రచారములోనికి తెచ్చెను. పది, పన్నెండేండ్ల పిల్లలును నేర్చుకొనదగినంత తేలిక. ఆసుపత్రి వదలుటకు ముందే దీనిని నేర్పమని అడుగవలెను.

మలబద్ధమునకు రాత్రి గోరువెచ్చని నీటితో ఒక చెంచా త్రిఫలా చూర్ణము, లేదా చాలినంత నీటితో ఇసబ్‌గోల్ వైద్యుని అనుమతితో వాడవచ్చును. ప్రతి దినము ఒకే వేళకు, భోజనమైన అరగంటకు ప్రయత్నించుట మందుకన్న ముఖ్యము. వాతరోగములకు బస్తి చికిత్సను చరకుడు మిక్కిలి గొప్పగా చెప్పినాడు. అయినను స్పర్శలేని రోగికి ఇంటిలో బస్తి చేయరాదు. లోపల గాయమైనను తెలియదు.

పునరావాసమన్న మాటకు మన దేశమున రూపమిచ్చిన వారిలో డాక్టరు మేరీ వర్గీస్ ముఖ్యురాలు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేయుచుండగా 1954లో వాహన ప్రమాదమున ఆమె వెన్నుపాము దెబ్బతిని, కాళ్ళు పోయెను. చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. విదేశములలో పునరావాస వైద్యము చదివి తిరిగివచ్చి ఆ విభాగమును నడపెను. 1966లో అచ్చట ప్రత్యేక పునరావాస సంస్థ ప్రారంభమైనది. చిత్తూరు మొదలు శ్రీకాకుళము వరకు తెలుగువారు వేలూరు పోవుట మనమెరిగినదే. అట్టిచోట రోగికి నేర్పునది మంచము నుండి కుర్చీకి, కుర్చీ నుండి మరుగుదొడ్డికి మారుట, చేతుల బలము పెంచుకొనుట, సంపాదించుట.

ఇంటివారు చేయదగినదియు కలదు. గడప తీసివేసి, అడుగు ఎత్తునకు పన్నెండు అడుగుల పొడవున వాలుదారి కట్టించి, మరుగుదొడ్డి ప్రక్క గోడకు గట్టి కడ్డీ బిగించినచో, మూల గదిలో పడియున్న మనిషి వాకిట కూర్చుండును. ఆ ఖర్చు ఒక నెల నకిలీ వైద్యము ఖర్చుకన్న తక్కువే.

మూలకణముల సూది మందుతో నడిపింతుమని లక్షలు అడుగువారు నగరములలో ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకములలో, కొన్ని రక్తసంబంధ వ్యాధులకు తప్ప మూలకణ చికిత్స అంగీకృత వైద్యము కాదని స్పష్టము చేసినది. పరిశోధనలో పాల్గొను రోగి వద్ద డబ్బు తీసికొనరాదని కూడ మనము గుర్తుంచుకొనవలెను. స్విట్జర్లండు లొజాన్ శాస్త్రజ్ఞులు వెన్నుపాముపై విద్యుత్ ప్రేరణ ఇచ్చి, అభ్యాసము చేయించగా కొందరు ఊతముతో అడుగులు వేసిరని 2018లో ప్రకటించిరి. వారు కొంత నాడీసంబంధము మిగిలియున్న వారు. ఆశ నిజమే, కాని అది ఇంకను పరిశోధనాలయములోనిది.

చివరగా ఒక అత్యవసర సూచన. ఛాతీ ఆరవ పూస వద్ద గాని, దానికి పైన గాని దెబ్బతగిలిన వానికి హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, ముఖము ఎర్రబారుట, చెమట కలిగినచో రక్తపోటు ప్రమాదకరముగా పెరిగినదని భావింపవలెను. శొంఠి పట్టు వేసి పరుండబెట్టరాదు. వెంటనే లేపి కూర్చుండబెట్టి, బిగువు దుస్తులు వదులు చేసి, మూత్రపు గొట్టము మెలిపడినదా, సంచి నిండినదా చూచి ఖాళీ చేయవలెను. చాలసార్లు అంతటితోనే తగ్గును. తగ్గనిచో క్షణము ఆలసింపక 108ను పిలువవలెను.