ఆపరేషన్‌కు ముందు గుండె గోలీలు ఆపాలా, వేసుకోవాలా?

మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వారు గుండెకు స్టెంటు వేయించుకోవడానికి, వాల్వు మార్పించుకోవడానికి ఎక్కువగా హైదరాబాద్ వెళ్తుంటారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పేద కుటుంబాలకు కూడా ఈ చికిత్సలు అందుతున్నాయి. ఆ తరువాత హెర్నియాకో, గర్భసంచికో ఆపరేషన్ అవసరమైతే దగ్గరలోని ఆసుపత్రికే వస్తారు. అక్కడి డాక్టరుకు మీ గుండె సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది.

పరగడుపున రమ్మన్నారని కొందరు గోలీలన్నీ మానేస్తారు. గుండె జబ్బు ఉందంటే ఆపరేషన్ చేయరేమోనని మరికొందరు దాస్తారు. రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

మానకూడనివి: మెటోప్రొలాల్, అటినొలాల్ ఎప్పటి నుండో వాడుతున్నవారు హఠాత్తుగా ఆపితే నాడి వేగం, బి.పి. పెరిగి గుండెపోటు రావచ్చు. అందుకే ఆపరేషన్ రోజు ఉదయం కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటాము. కొలెస్ట్రాల్ గోలీ కూడా అంతే. అయితే అలవాటు లేనివారికి ఆపరేషన్ రోజే మెటోప్రొలాల్ పెద్ద మోతాదులో మొదలుపెట్టడం ప్రమాదం. 23 దేశాలలో 8,000 మందికి పైగా రోగులపై జరిపి 2008లో ప్రచురించిన 'పాయిజ్' పరిశోధనలో గుండెపోట్లు తగ్గినా పక్షవాతం, మరణాలు పెరిగాయి.

ఆపమని చెప్పగలిగేవి: రామిప్రిల్, టెల్మిసార్టాన్ వేసుకుంటే మత్తు ఇచ్చినప్పుడు బి.పి. బాగా పడిపోవచ్చు. కనుక చాలామందికి 24 గంటల ముందు ఆపుతారు. డాపాగ్లిఫ్లోజిన్‌ను కనీసం 3 రోజుల ముందు ఆపుతారు.

రక్తం పలుచన చేసేవి: అసలు చిక్కు వీటితోనే. ఆపితే స్టెంటులో, వాల్వులో రక్తం గడ్డకట్టవచ్చు. ఆపకపోతే ఆపరేషన్‌లో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. అందుకే అత్యవసరం కాని ఆపరేషన్‌ను స్టెంటు తరువాత సాధారణంగా 6 నెలలు, గుండెపోటు వచ్చి వేయించుకుంటే 12 నెలలు వాయిదా వేయడం మంచిది. తరువాత కూడా క్లోపిడోగ్రెల్ ఆపవలసి వస్తే 5 నుండి 7 రోజుల ముందు ఆపి, వీలైనంతవరకు ఆస్పిరిన్ కొనసాగిస్తారు. వార్ఫరిన్‌ను సుమారు 5 రోజుల ముందు ఆపి రక్తపరీక్ష చేస్తారు. లోహపు వాల్వు ఉన్న కొందరికి ఆ రోజులలో హెపారిన్ ఇంజక్షన్లు ఇస్తారు. కంటి శుక్లాలకు, పన్ను తీయడానికి చాలాసార్లు ఏదీ ఆపనక్కరలేదు.

మీరు చేయవలసినవి:
• హైదరాబాద్‌లో ఇచ్చిన డిశ్చార్జి కాగితం, వాడుతున్న గోలీల అట్టలు వెంట తీసుకురండి.
• స్టెంటు ఏ నెలలో, ఏ సంవత్సరంలో వేశారో చెప్పండి.
• పొరుగువారి మాటపై ఏ గోలీ ఆపకండి.
• ఏది ఏ రోజు ఆపాలో, ఏ రోజు మళ్లీ మొదలుపెట్టాలో రాయించుకోండి.

ఆపిన గోలీని మళ్లీ మొదలుపెట్టడం మరచిపోతే కూడా అంతే ప్రమాదం. ఆ తేదీ రాయించుకోకుండా ఇంటికి వెళ్లవద్దని రోగులను, వారి కుటుంబాలను కోరుతున్నాము.