లాప్‌టాప్ లేవకపోతే...

మిరపపంట డబ్బుతో నాన్న కొనిచ్చిన పాత లాప్‌టాప్, రికార్డు ఇవ్వవలసిన ముందురోజు రాత్రే మొరాయించింది. లైటు వెలగదు, ఫ్యాను తిరగదు. గుండె గుభేలుమంది!

"మోటారు ఆడకపోతే ముందు ఫ్యూజు చూడరా, కాలిపోయిందని ఏడవకు" అనే నాన్న మాట గుర్తొచ్చింది. అడాప్టరు తీసి, బ్యాటరీ ఊడదీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టాను. కెపాసిటర్లలో మిగిలిన ఛార్జి పోతే, చిక్కుకున్న కంట్రోలరు చిప్పు మళ్ళీ మొదటినుండి మొదలౌతుంది. తర్వాత అడాప్టరు ఒక్కటే పెట్టాను. లేచింది! బ్యాటరీ పెట్టగానే మళ్ళీ ఆగింది. దోషం దానిదేనన్నమాట.

అప్పటికీ లేవకుంటే ర్యామ్ తీసి, తుడిచి పెట్టి చూడాలి. బోర్డే పోయినా హార్డ్‌డిస్కులోని రికార్డు సాధారణంగా పదిలమే. ఒక్కొక్కటే మార్చి చూడటం — లాబ్‌లో మనం నేర్చింది ఇదే గదా!