పిల్లి ఒంట్లోని పుస్తకం

పిల్లలూ! తిరువూరులో మీ ఇంటి అరుగుమీద ముడుచుకుని పడుకునే పిల్లి ఒంట్లో ఒక పెద్ద పుస్తకం దాగి ఉన్నది. కన్ను ఎలా తయారుకావాలో, మూత్రపిండం ఎలా పనిచేయాలో అంతా అందులో నాలుగే అక్షరాలతో రాసి ఉంటుంది. దాన్నే జీనోమ్ అంటారు.

ఒక పిల్లి జీనోమ్‌ను మొదటిసారిగా చాలా భాగం చదివి, అమెరికా శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. ఆ పిల్లి పేరు సినమన్, అంటే దాల్చినచెక్క. ఎంత ముద్దుపేరో! కాని దాని వంశంలో ఒక జబ్బు ఉన్నది. కూనలు మొదట చక్కగానే చూస్తాయి, కొన్నేళ్లకు గుడ్డివవుతాయి.

కారణం ఒక జన్యువులో ఒక్క అక్షరం తప్పు! ఆ తప్పు తల్లినుంచీ, తండ్రినుంచీ కూడా వస్తేనే కూనకు జబ్బు. ఇప్పుడు పిల్లి బుగ్గలోపల దూదిపుల్లతో తుడిచి దాన్ని పట్టుకోవచ్చు. అటువంటి జంటను కలపకపోతే గుడ్డికూనలు పుట్టవు. పోయిన చూపును తిరిగి తెచ్చే మందు మాత్రం పిల్లులకు ఇంకా లేదు.