క్యాన్సర్ చికిత్సలో బాధల ఉపశమనానికి పోషకాహారం

సూర్యాపేట పరిసరాలకు మూసీ, కోదాడ, మిర్యాలగూడలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ సాగునీరందిస్తున్నాయి. వరి ప్రధాన పంట కావడంతో ఇక్కడి ఆహారంలోనూ అన్నానిదే అగ్రస్థానం. ఈ ప్రాంతపు క్యాన్సర్ రోగులు చికిత్స కోసం హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి సంస్థలకు వెళుతుంటారు. కీమోథెరపీ విడతల నడుమ రోజులు మాత్రం ఇంటివద్దే గడుస్తాయి. వికారం, నోటిపూత, విరేచనాలు, రుచి మారడం వంటి బాధలు వేధించేది కూడా ఆ రోజుల్లోనే. తిండి తగ్గి బరువు కోల్పోతే మందు మోతాదు తగ్గించవలసి రావచ్చు, చికిత్స వాయిదా పడవచ్చు. ఆహారం క్యాన్సర్‌ను నయం చేయదు. చికిత్సను తట్టుకునే శక్తినిస్తుంది.

అవసరమైన పోషకాలు

రోగి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 25-30 కిలో కాలరీల శక్తి, 1-1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అంటే 50 కిలోల వ్యక్తికి 1250-1500 కిలో కాలరీలు, 50-75 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 200 గ్రాముల బియ్యం నుండి లభించే మాంసకృత్తులు సుమారు 16 గ్రాములే. దీనికి 60 గ్రాముల పెసరపప్పు, రెండు కోడిగుడ్లు, 400 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 30 గ్రాముల వేరుశనగ చేరితే మాంసకృత్తులు 60 గ్రాములు దాటుతాయి, శక్తి కూడా దాదాపు సరిపోతుంది. పథ్యం పేరిట గుడ్డు, పెరుగు, పప్పు మాన్పించడం వలన జరిగే నష్టం ఈ లెక్కలోనే తేటతెల్లమవుతుంది.

లక్షణాలను బట్టి ఆహారం

వికారం: వేడి వంటల వాసన వికారాన్ని పెంచుతుంది. చల్లారిన పెరుగన్నం, ఇడ్లీ వంటివి రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా ఇవ్వాలి.

నోటిపూత: కారం, పులుపు, గట్టి పదార్థాలు మానాలి. మెత్తని పెసరపప్పు కిచిడీ, పాలు కలిపిన రాగిజావ, మెత్తగా వండిన గుడ్డు అనుకూలం. గోరువెచ్చని ఉప్పు నీటితో తరచుగా పుక్కిలించాలి. పరామర్శకు వచ్చేవారు తెచ్చే బత్తాయిల రసం నోటిపూతను మండిస్తుంది. పైగా అందులో మాంసకృత్తులు అత్యల్పం. పుండ్లు మానిన తరువాత ఇవ్వవచ్చు.

రుచి మారడం: మాంసం చేదుగా, లోహపు రుచితో తోచినప్పుడు పప్పు, గుడ్డు, పెరుగు ఇవ్వాలి. స్టీలు చెంచాకు బదులు పింగాణీ లేదా ప్లాస్టిక్ చెంచా వాడవచ్చు.

విరేచనాలు: ఉప్పు వేసిన గంజి, పలుచని మజ్జిగ, అరటిపండు, ఓ.ఆర్.ఎస్. ద్రావణం ఇవ్వాలి. వేపుళ్ళు, ముడి ధాన్యాలు తాత్కాలికంగా తగ్గించాలి.

మలబద్ధకం: నీరు, ఉడికించిన ఆకుకూరలు, పండ్లు పెంచాలి. కడుపు ఉబ్బి వాంతులవుతుంటే వెంటనే వైద్యుని సంప్రదించాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసినవి

పోషకాహార శిక్షణలలో మొలకెత్తిన గింజలను విరివిగా సిఫారసు చేయడం పరిపాటి. కీమోథెరపీ వలన తెల్లరక్తకణాలు తగ్గిన రోగికి పచ్చి మొలకలు సూక్ష్మజీవుల ముప్పు తెస్తాయి కనుక వాటిని బాగా ఉడికించి మాత్రమే పెట్టాలి. కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన ఆహారం వాడాలి. పచ్చి పాలు, సగం ఉడికిన గుడ్లు పనికిరావు. 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే ఆహార మార్పులతో కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్చాలి. మధుమేహం, మూత్రపిండ వ్యాధి ఉన్నవారికి వైద్యుని సలహాపై ఆహారం నిర్ణయించాలి.

గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల గృహవిజ్ఞాన శాస్త్రవేత్తలు ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణలో ఈ అంశాలను చేర్చవచ్చు. రోగి బరువును వారం వారం నమోదు చేయించడం అందులో మొదటి పాఠం కావాలి. 50 కిలోల వ్యక్తి ఆరు నెలల్లో రెండున్నర కిలోలకు మించి తగ్గితే, అంటే 5 శాతం దాటితే, ఆసుపత్రిలోని ఆహార నిపుణుల వద్దకు పంపాలి.