పన్ను ఎలా నడుస్తుంది?

పిల్లలూ! మీ తరగతిలో పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే కొన్ని నెలలపాటు వాళ్ళ పళ్ళను గమనించండి. ముందుకు పొడుచుకొచ్చిన పన్ను మెల్లమెల్లగా వెనక్కి జరిగి వరుసలో చేరుతుంది. ఇందులో వింత ఏమిటంటారా? పొలం గట్టున పాతిన రాతి స్తంభాన్ని పక్కకు నెట్టి చూడండి. ఎంత నెట్టినా అది ఊగుతుంది, లేదా విరుగుతుంది. నిలబడినట్లే ఉండి జానెడు దూరం నడవదు. మరి గట్టి దవడ ఎముకలో పాతుకున్న పన్ను ఎలా నడిచింది?

తీగ లాగింది కాబట్టి వచ్చిందని చాలామంది అనుకుంటారు. తీగ చేసేది సగం పనే. మిగతా సగం పని మీ ఒంట్లోని కణాలది. ముఖ్యంగా, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలదీ, వాటి బంధువులదీ!

పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. రెండింటికీ మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు అయిదో వంతు. తీగ పంటిని ఒక పక్కకు నెడితే ఆ పక్క నారపొర నలుగుతుంది, రెండో పక్క సాగుతుంది. కార్ల్ సాండ్‌స్టెడ్ అనే స్వీడన్ దంతవైద్యుడు 1904 ప్రాంతంలో కుక్కల పళ్ళకు తీగలు కట్టి, ఆ ఎముకను సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. నలిగిన పక్క ఎముక కరిగిపోయింది. సాగిన పక్క కొత్త ఎముక పుట్టింది.

దీన్ని అర్థం చేసుకోవడానికి మా అనంతపురం జిల్లాకు రండి. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఇక్కడి నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఈ కరువు నేలలో కుంటలు తవ్వే పనులు చూడని పిల్లలు అరుదు. కొందరు గడ్డపారలతో తవ్వుతారు. కొందరు ఆ మట్టితో గట్టు వేస్తారు. ఎక్కడ, ఎంత తవ్వాలో మేటు చెబుతాడు. మీ దవడలో జరిగేదీ ఇలాంటి పనే. పంటికి ముందు తవ్వకం, వెనక పూడిక! అలా దారి ఏర్పడుతుంటే పన్ను అందులో ముందుకు సాగుతుంది.

ఇక్కడ తవ్వే కూలీలు ఎవరు? వీటికి ఆస్టియోక్లాస్టులని పేరు. జర్మన్ దేశంలో పనిచేసిన కోలికర్ అనే శాస్త్రజ్ఞుడు 1873లో ఈ పేరు పెట్టాడు. ఇవి ఎముకకు అంటుకుని ఆమ్లం స్రవిస్తాయి. ఆ ఆమ్లంలో ఎముకలోని కాల్షియం లవణాలు కరుగుతాయి. మిగిలిన పదార్థాన్ని ఎంజైములు జీర్ణం చేస్తాయి. ఇవి ఎక్కడినుంచి వస్తాయన్నది చాలాకాలం తేలలేదు. కొన్ని ఎలుకలు పుట్టుకతోనే ఎముకను కరిగించుకోలేవు. 1975లో డొనాల్డ్ వాకర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మజ్జలోని, ప్లీహంలోని కణాలను వాటికి ఎక్కించాడు. అప్పుడు వాటిలో ఎముక కరగడం మొదలైంది! అంటే ఎముకను తవ్వే కణం మజ్జలో పుట్టే రక్తకణాల వంశంలోదే. సూక్ష్మక్రిములను మింగే మాక్రోఫేజ్‌కు ఇది దగ్గరి చుట్టం.

మరి తవ్వమని చెప్పే మేటు ఎవరు? పంటిని నెట్టినప్పుడు నారపొరలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి, కణాలు నలుగుతాయి. అక్కడ సూక్ష్మక్రిమి ఒక్కటీ లేకపోయినా, దెబ్బ తగిలిందని శరీరం గుర్తిస్తుంది. వెంటనే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి. తీగ బిగించిన రెండు మూడు రోజులు పళ్ళు సలపడానికి కారణం ఇదే. మాక్రోఫేజ్‌లు పాడైన కణజాలాన్ని తిని శుభ్రం చేస్తాయి. టి-కణాలు, నారపొరలోని కణాలు, ఎముక కణాలు రసాయన సంకేతాలు పంపుతాయి. వీటిలో ముఖ్యమైనది ర్యాంక్-ఎల్ అనే ప్రోటీను. తవ్వే కణాలను తయారు చేయించేది ఇదేనని 1998లో తేలింది. టి-కణాలు లేని ఎలుకల పళ్ళు, అదే బలంతో లాగినా, తక్కువ దూరం కదిలాయని 2015లో ప్రచురించిన ఒక ప్రయోగం తెలిపింది.

అయితే ఎక్కువ బలంతో లాగితే పన్ను త్వరగా వస్తుందా? రాదు. నారపొరకు రక్తం పూర్తిగా ఆగి, అక్కడి కణాలు చచ్చిపోతాయి. ఆ చెత్తను తొలగించేదాకా పని ఆగుతుంది. అందుకే వైద్యులు తక్కువ బలం వాడతారు. పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. పళ్ళ సందు మూసుకోవాలని ఇంట్లో రబ్బరు బ్యాండు తగిలించుకునే వాళ్ళు ఉన్నారు. అది ఎంతో ప్రమాదం! బ్యాండు చిగురు కిందికి జారి, వేరు పొడవునా ఎముకను నాశనం చేస్తుంది. చివరికి మంచి పళ్ళే ఊడిపోతాయి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. క్లిప్పుల చుట్టూ పాచి పేరుకుంటే చిగుళ్ళలో సూక్ష్మక్రిములు చేరతాయి. తెల్ల రక్తకణాలు వాటితో పోరాడతాయి. చిగుళ్ళ జబ్బు ముదిరితే ఆ పోరాటం కూడా అవే తవ్వే కణాలను పిలుస్తుంది. కాని ఈసారి వెనక గట్టు వేసేవాళ్ళు ఉండరు. పంటి చుట్టూ ఎముక తరిగి పన్ను వదులవుతుంది. కాబట్టి క్లిప్పులున్నవాళ్ళు ప్రతి భోజనం తర్వాతా పళ్ళు శుభ్రం చేసుకోవాలి. నొప్పి మాత్రలు కూడా వైద్యుణ్ణి అడిగి మాత్రమే వేసుకోవాలి. ఐబుప్రొఫెన్ వంటివి నొప్పితోపాటు ఎముకను కరిగించే సంకేతాలలో కొన్నింటిని కూడా అడ్డుకుంటాయి.

మా ప్రాంతపు పిల్లలకు ఇంకొక చిక్కు ఉంది. అనంతపురం బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు తాగరాదు. పళ్ళు ఏర్పడే వయసులో అలాంటి నీళ్ళు తాగితే పింగాణీపై తెల్లని, గోధుమరంగు మచ్చలు వస్తాయి. తెలుగునేలలో ఈ జబ్బును నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి 1937లో శాస్త్రపత్రికలో ప్రకటించారు. ఈ మచ్చలు పాచి కాదు. ఇటుక పొడితో, బూడిదతో తోమితే పింగాణీ అరుగుతుందే గాని మచ్చ పోదు. క్లిప్పును అతికించే ముందు పంటిపై ఆమ్లం రాసి గరుకు చేస్తారు. మచ్చలు బాగా ఉన్న పింగాణీ ఆ ఆమ్లానికి సరిగా లొంగదు. కనుక క్లిప్పు ఊడే అవకాశం ఎక్కువ. చిన్నప్పుడు ఏ ఊరి నీళ్ళు తాగారో వైద్యునికి తప్పక చెప్పండి.

ఇక మీకొక పని. మీ తమ్ముడిదో చెల్లెలిదో ఊడిపోయిన పాలపన్ను దొరికితే కడిగి, కిందివైపు చూడండి. వేరు దాదాపు కనిపించదు! అది విరిగిపోలేదు. కింద కొత్త పన్ను పైకి వస్తుంటే ఆస్టియోక్లాస్టుల వంటి కణాలే పాలపంటి వేరును కరిగించేశాయి. అంటే క్లిప్పులు వేయించుకోని వాళ్ళ నోట్లో కూడా ఈ తవ్వకం ఒకసారి జరిగిందన్నమాట!