పొలమును పనిచోటే

పనిచోట స్త్రీలపై జరుగు లైంగికవేధింపులను వారించు శాసనము 2013 డిసెంబరు 9వ తేదీనుండి అమలునందున్నది. అది పట్టణములలోని కచేరీలకే గాని వేరుసెనగ చేలలో కలుపు తీయు ఆడుకూలీలకు గాదని తలంచువారు కర్నూలు, కడప జిల్లాల రైతులలో లేకపోలేదు. మా పాఠకులలో భూఖామందులు పెక్కండ్రు గలరు. కావుననే ఇది వ్రాయుచున్నాము. ఈ శాసనమునకు మూలమైన వ్యాజ్యము కచేరీలో పుట్టినది కాదు. 1992లో రాజస్థానమునందలి భటేరీ గ్రామమున, బాల్యవివాహము నాపబూనిన గ్రామసేవిక భన్వరీదేవి మొఱపెట్టుకొన్న అత్యాచారమే, 1997లో సుప్రీముకోర్టు విశాఖా తీర్పు నిచ్చుటకు కారణమయ్యెను.

పనిచోట “ప్రతికూల వాతావరణ”మనగా నేమి? ఇష్టములేని స్పర్శ, కోరరాని కోరిక, అశ్లీలమైన మాట, అట్టి చిత్రమును జూపుట, సైగ, వీనిలో నేదైనను స్త్రీ పనికి అడ్డుపడినను, ఆమెకు భయమునో జుగుప్సనో గొలుపు పరిస్థితిని కల్పించినను అది వేధింపే. దేహమును తాకి తీరవలయునను నియమము లేదు. 1999లోనే సుప్రీముకోర్టు ఈ సంగతి తేల్చినది. హాస్యమునకై యంటిననుట సమాధానము గాదు. ఆమెకది అనిష్టమా కాదా యన్నదే ప్రశ్న.

కలుపు సరిగా తీయలేదని మేస్త్రి గద్దించినచో నది ఈ శాసనముక్రిందికి రాదు. కూలి తగ్గించుట అన్యాయమే. దానికి వేఱు చట్టము గలదు. కులము పేర దూషించినచో 1989 నాటి అత్యాచారనిరోధక చట్టము గలదు. కాని మునుము పట్టిన స్త్రీల వెనుక నిలిచి వారి యవయవములనుగూర్చి మాటలాడుచు, సెల్లుఫోనులో బొమ్మలు చూపి నవ్వు మేస్త్రి సంగతి వేఱు. వానికి జడిసి యొకతె మునుము మార్చుకొనును. ఇంకొకతె పనియే మానుకొనును. వారు నోరెత్తలేదు గనుక సమ్మతించిరనుట వట్టి వాదము. కర్నూలు–కడప కాలువవంటి ఆయకట్టులు తప్ప, వాన నమ్ముకొన్న మన మెట్టపొలములలో కలుపు తీయుటకును చెట్టు పీకుటకును గల కొలది వారములే కూలిపని. “రేపటినుండి రావలదు” అను మాట బరువు ఇక్కడి కూలికి దెలిసినట్లు నెలజీతగాండ్రకు దెలియదు. అట్టి చేష్టతో గూడి ఉపాధికి ముప్పు సూచించుటను, అది పరోక్షమైనను, శాసనము వేధింపుగానే యెంచినది.

మఱియు, పొలమే గాక యజమాని పంపిన ఆటోయు ట్రాక్టరును పనిచోటే. దారిలో జరిగినది తనకు సంబంధింపదని రైతు తప్పించుకొనజాలడు. పదుగురు, అంతకు మించి పనివారు గల చోట, ఆదోని జిన్నింగుమిల్లు గానిండు, బేతంచెర్ల నాపరాతి కార్ఖానా గానిండు, యజమాని లోపలి విచారణసంఘము నేర్పఱుపవలయును. ఏర్పఱుపనిచో ఏబదివేల రూపాయలవఱకు జుల్మానా. అంతకు తక్కువమంది యున్నచోటను, ఫిర్యాదు యజమానిమీదనే యైనచోటను, జిల్లాలోని స్థానికసంఘము విచారించును. ఇట్టి సంఘములను ప్రతి జిల్లాయందును నెలకొల్పవలసినదని 2024 డిసెంబరులో సుప్రీముకోర్టు గడువు పెట్టి యాజ్ఞాపింపవలసి వచ్చెననిన, పదేండ్లు గడచినను అవి సర్వత్ర లేవనియే గదా! సంఘమున్నచోటను దాని చిరునామా పల్లెకూలికి దెలియుటెట్లు? తహశీలుదారు కచేరీ గోడమీద వ్రాయించుటకు ఎంత సున్నము గావలయును?

ఫిర్యాదు వ్రాతమూలముగా, కడపటి ఘటన జరిగిన మూడు నెలలలోపల ఇయ్యవలయును. తగిన కారణమున్నచో మఱి మూడు నెలల గడువు గలదు. వ్రాయలేనివారికి సంఘమే సాయపడవలయును. మన యూళ్లలో ఇట్టి వ్యవహారము రచ్చబండకు వచ్చినపుడు పెద్దలు కొంత సొమ్మిప్పించి మాట ముగింతురు. వారి యుద్దేశమెట్టిదైనను చట్టము దీనికి తావీయలేదు. ఆమె కోరిననే గాని రాజీ కూడదు. కోరినను సొమ్ము ఆ రాజీకి ఆధారము గారాదు. ఋజువు చాలలేదన్నంతమాత్రమున ఆమెను శిక్షింపనురాదు. వచ్చు కార్తెలో కూలీలను పిలుచుటకు ముందే ఖామందులు తమ మేస్త్రీలను పిలిచి ఈ సంగతులు చెప్పవలయునని మా మనవి.