చర్చిలో హార్మోనియము

ఆదివారము ఉదయమున పల్నాటి పల్లెలలో చర్చి ప్రక్కగా నడచువారికి, పాటకు ముందుగా హార్మోనియము శ్రుతి వినవచ్చును. ఈ చిన్న పెట్టె పాశ్చాత్యుల చర్చిలలోని ఆర్గను అను మహావాద్యమునకు దగ్గరి చుట్టము.

ఆర్గనుకు వరుసలు వరుసలుగా గొట్టములుండును. కొలిమితిత్తివంటి తిత్తి గాలిని ఒక పెట్టెలోనికి నింపును. మెట్టు నొక్కగానే మూత తెరచుకొని, గాలి గొట్టములో ప్రవేశించి పిల్లనగ్రోవివలె పలుకును. ఎనిమిదడుగుల గొట్టము పలికిన స్వరమునే నాలుగడుగుల గొట్టము ఒక స్థాయి పైన పలుకును. చిన్న ప్రార్థనామందిరమునకై చేసిన ఆర్గనును సైతము ఊరూరికి మోసుకొనిపోవుట సాధ్యము కాదు. పైగా గాలి వేడెక్కిన కొలది గొట్టముల శ్రుతి హెచ్చును. ఎండలకు పేరుపడిన రెంటచింతల సీమలో దానిని శ్రుతిలో నిలుపుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

హార్మోనియములో గొట్టములు లేవు. గాలికి అదరు సన్నని లోహపు రీడ్లే పలుకును. రీడు శ్రుతి దాని పొడవు మందములను బట్టి యుండును గనుక ఎండకు అంతగా మారదు. పారిసు నగరమున దెబేన్ అను నతడు ఈ వాద్యమునకు పేటెంటు పొందినది 1842లో. అమెరికా లూథరన్ మిషనరీ హయ్యరు గుంటూరు చేరినదియు ఆ యేడే. తరువాత ఆయన గురజాలలో నివసించి పల్నాట పనిచేసెను. కాలితో తొక్కెడి ఆ వాద్యమును, నేలపై కూర్చుండి చేతితో వాయించు పెట్టెగా కలకత్తాలో ద్వారకానాథ ఘోషు 1875 ప్రాంతమున రూపొందించెను.

ఇంతటి ఆదరణ గల వాద్యమును ఆలిండియా రేడియో 1940లో తన సంగీత ప్రసారములనుండి తొలగించినది. కారణము లేకపోలేదు. మన రాగమునకు ప్రాణము గమకము. స్వరమునుండి స్వరమునకు జారవలెను, ఊగవలెను. హార్మోనియము మెట్టు పలికినచోటనే నిలుచును. 1971లో ఆ నిషేధము సడలినను విమర్శ మాసిపోలేదు.

అయితే రాగాలాపనలో దోషమైన ఆ స్థిరత్వమే సమాజగానమున గుణమగుచున్నది. సంగీతశిక్షణ లేని నూరు గొంతులు ఒక్కటిగా పాడవలెనన్నచో, కదలని స్వరమొకటి ముందుండి నడపవలెను. ఆర్గను పెద్ద చర్చిలలో చేసిన పని అదియే. పల్నాటి చిన్న చర్చిలో హార్మోనియము చేయుచున్నదియు అదియే. వాద్యము మంచిచెడ్డలను నిర్ణయించుటకు ముందు, అది ఎవరి పాటకు తోడైనదో విచారించుట న్యాయము.